సొంత పేరు మీద సున్నా

డిగ్రీ సెంటర్‌లో మొదటి ఆదివారం క్లాసులో హాజరు పిలిచినప్పుడు పోశం పలకలేదు. దత్తు సర్ మళ్లీ పిలిచాడు. పోశం కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి, పలకని మనిషి ఎవడా అని బెంచీల వెంట చూశాడు. గైర్హాజరు పడింది. తన పేరు ఎందుకు పిలవలేదని అడగడానికి లేచి నిలబడ్డాక గానీ ఆ పోశం తనే అని ఆయనకు తట్టలేదు. క్లాసంతా నవ్వింది. నవ్వనీ, వాళ్లకేం ఎరుక.

మహారాష్ట్రలో మాజ్రి దగ్గర బొగ్గుబాయిలో దిగి ఇరవై ఏండ్లు దాటింది. ఆ ఇరవై ఏండ్లూ ఆయన పేరు సదానందం. అసలు సదానందం పోశం పెండ్లాం దుర్గమ్మకు అన్న, పోశానికి బావమరిది. కంపెనీ నౌకరీ వచ్చింది ఆ సదానందానికి. మొదటి రోజు బాయి దిగాడు, నెత్తిమీద కప్పు పెటపెటలాడిన సప్పుడు విన్నాడు, పైకొచ్చి చేతులన్నా కడగకుండా ఊరి రైలెక్కాడు. నౌకరీ కాగితం ఊరికే పోతుందంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు? మామ అల్లుణ్ణి పిలిచి, పేరుకేమున్నది బిడ్డా, పేరు బువ్వ పెడతదా అన్నాడు. పోశానికి అప్పుడు మీసాలు సరిగ్గా రాలేదు. దిగాడు. ఆ రోజుల్లో అట్లా దిగినవాళ్లు బాయినిండా ఉన్నారు. ఒకడి డ్యూటీ పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి.

పేరు బువ్వ పెట్టింది, నిజమే. బువ్వ పెట్టి మనిషిని తిన్నది. హాజరు సదానందానిది, జీతం సదానందానిది, కాలి మీద బండ పడితే దెబ్బ చీటీ కూడా సదానందానిదే. కంపెనీ దవాఖానలో దుర్గమ్మ సదానందం పెండ్లాం. అంటే కాగితం మీద సొంత అన్నకే ఆలి. ఆ మాట తలుచుకుని మొదట్లో మొగుడూ పెండ్లాం పడీపడీ నవ్వుకునేవాళ్లు. బిడ్డ విద్యను బడిలో వేసినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. ఈ మరాఠీ గడ్డ మీద బిడ్డ పేరు పక్కన తండ్రి పేరు రాయనిదే బడి గడప తొక్కనివ్వరు. క్వార్టరు సదానందానిది, రేషన్ కార్డు సదానందానిది, ఇంక ఏం రాయిస్తాడు? విద్య సదానంద్ అని రాయించి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు.

అసలు సదానందం ఇప్పుడు ఊళ్లో పత్తి పండించుకుంటున్నాడు. పండక్కి పోతే, ఏం బావా, నా నౌకరీ ఎట్లున్నది అని అడుగుతాడు. బాయిలో చస్తే కూడా నేను సస్తనా నువ్వు సస్తవా అని ఒకసారి పోశం అడిగాడు. ఆ తర్వాత సదానందం ఆ పరాచికం మానాడు.

కంపెనీ బాయి పనులు కాంట్రాక్టుదార్లకు అప్పజెప్పడం మొదలైంది. బొగ్గు మోసే కొత్త డంపర్లు వచ్చాయి, వాటి మీద ఊరూ పేరూ లేని పిల్లలు వచ్చారు. పాతవాళ్లను ఆఫీసుకు పిలిచి, ముందుగా రిటైరు కండి, మంచి పైకం ఇస్తాం అంటున్నారు. సదానందం, ఇక్కడ సంతకం పెట్టు, అని క్లర్కు కాగితం జరిపాడు. పోశం పెట్టలేదు. తనకేదో నౌకరీ మీద మోజు ఉండి కాదు. సంతకం పెడితే బాయి నుంచి సదానందం వెళ్లిపోతాడు. పోశం వచ్చిందెప్పుడు, పోయేదెప్పుడు? పోశం అనే మనిషి ఉన్నాడనడానికి ఊరి బడిలో ఇచ్చిన ఏడో తరగతి టీసీ ఒక్కటే మిగిలింది. పోరా పోశిగా అని కేకేసే తల్లి ఐలమ్మ చనిపోయి చాలా కాలమైంది.

చదువు మధ్యలో వదిలినవాళ్లను కూడా ఓ పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునే యూనివర్సిటీ ఉందని చంద్రాపూర్ కాలేజీలో చదివే విద్యే చెప్పింది. పోశం ఆ టీసీ తీసుకుపోయి పరీక్ష రాసి బీకాంలో చేరాడు. ఈ వయసులో బీకాం చదివి బ్యాంకు పెడతవా అని దోస్తులు ఎగతాళి చేశారు. పెడత, నీకు మాత్రం అప్పియ్య అన్నాడు.

అక్కడ తగిలింది స్టాటిస్టిక్స్.

హోంవర్కు కాగితం మీద కాదు, కంప్యూటర్లో. ఎక్కడో పుణెలో ఉన్న మిషను లెక్క ఇస్తుంది. ఒకడికిచ్చిన అంకెలు ఇంకొకడికి ఇవ్వదు. జవాబు కొట్టగానే పచ్చ టిక్కో ఎర్ర ఇంటూనో పెడుతుంది. పది పాఠాలు, అన్నిట్లో కలిపి నూటికి నలభై రాకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. డ్యూటీ దిగి, ఒంటికి నీళ్లు పోసుకుని, ప్యాసింజర్ ఎక్కి చంద్రాపూర్ వచ్చి, బస్టాండు పక్క వినాయక్ ఇంటర్నెట్ దుకాణంలో కూర్చునేవాడు పోశం. ఆ వేళ్లు బొగ్గు పట్టడానికి పనికొచ్చినవి. ఒక మీట కొడితే రెండు దిగేవి. తెర మీద నమస్కార్ పోశం అని పడితే మొదట్లో ఒళ్లు జలదరించేది.

మొదటి పాఠంలో, మీకు తెలిసిన పదిమంది వయసులు రాసి సగటు తీయండి అన్నది మిషను. అదేం లెక్క అనుకుని పోశం గ్యాంగులో పదిమందినీ అడిగాడు. ప్రతివాడూ ఒకటే మాట, ఏ వయసు, డ్యూటీదా, అమ్మ చెప్పిందా? పోశం రెండూ రాసుకొచ్చాడు. పదిమంది మనుషులకు ఇరవై వయసులు. మిషను ఒప్పుకోలేదు, ఎర్ర ఇంటూ కొట్టింది. రెండూ నిజమే కదనే అని తెరకు చెప్పాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఇంటూ. పక్క కుర్చీ పిల్లలు ముఖం తిప్పి నవ్వుకున్నారు.

వాళ్లు నవ్వడానికి కారణం ఉంది. క్లాసులో ఒక్కడు కూడా హోంవర్కు చేయడం లేదు. పాస్‌వర్డ్ వినాయక్ చేతిలో పెట్టి, కొంత ముట్టజెప్పి పోతారు. వినాయక్ చాయ్ తాగుతూ ఒక్కొక్కరి పేరు మీదా పచ్చ టిక్కులు నాటుతాడు. ఈ సంగతి దత్తు సర్‌కు తెలుసు. దత్తు సర్ రాజురా వైపు తెలుగు రైతుల ఇంటి పిలగాడు, క్లాసులో మరాఠీ, బయట తెలుగు. చెడ్డవాడేం కాదు. సెంటర్‌లో పిల్లలు తప్పితే వచ్చే ఏడు సెంటరే ఉండదని అతని భయం. ఒక ఆదివారం అందరి మార్కులూ చుక్కలుగా పెట్టిన బొమ్మ గోడకు అంటించాడు. చుక్కలన్నీ పైన గుంపుగా, పెండ్లి పందిట్లో జనం లెక్క ఉన్నాయి. కింద ఎక్కడో, ఎవరూ పిలవని చుట్టం లెక్క ఒకే ఒక చుక్క.

"కాకా, గా చుక్క మీరే. అందరి సగటు మీరొక్కలే కిందికి గుంజుతున్నరు," అన్నాడు దత్తు సర్, పోశాన్ని పక్కకు పిలిచి. "వినాయక్‌కు ఇయ్యరాదు పాస్‌వర్డ్? మీ దగ్గర పైసలు గిట్ల ఏం తీసుకోడు, నేను చెప్త."

పోశం ఆ చుక్కను తేరిపార చూశాడు. ఇరవై ఏండ్లలో తనను తాను అంత స్పష్టంగా ఎక్కడా చూసుకోలేదు. బాగనే ఉన్నది సర్, అట్లనే ఉండనియ్యి, అని వచ్చేశాడు.

చివరి వారానికి తొమ్మిది పాఠాలయ్యాయి. నలభైకి ఇంకా కొంచెం తక్కువ. పదోది గట్టిగా చేస్తే గట్టెక్కుతుంది. గడువుకు ఆఖరి రోజు, ఆదివారం మధ్యాహ్నం సెంటర్ కంప్యూటర్ గదికి పోయి, ఐలమ్మ అని పాస్‌వర్డ్ కొట్టాడు. తెర తెరుచుకుంది. పది పాఠాలూ పచ్చగా, వానకాలం చేను లెక్క. నూటికి తొంభై ఏడు.

పోశం చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పాస్‌వర్డ్ తెలిసింది లోకంలో ఇంకొకరికే. విద్య గది బయట నిలబడి ఉంది. పిలవకముందే వచ్చింది.

తనే చేశానని, అందరూ చేయించుకుంటున్నారని, దత్తు సర్ తన కాలేజీకి వచ్చి మరీ చెప్పాడని, రాత్రి డ్యూటీ చేసి వచ్చి బాపు కళ్లు నలుపుకుంటుంటే చూడలేకపోయానని ఆ పిల్ల తలవంచుకుని చెప్పుకొచ్చింది. పోశం అంతా విన్నాడు.

"ఇరవై ఏండ్లు నేను ఇంకొకని పేరు మీద బొగ్గు తవ్విన. ఇప్పుడు నా పేరు మీద ఇంకొకలు సదువుడా బిడ్డా?"

విద్య తల ఎత్తింది. "మరి నా పేరు పక్కన మేనమామ పేరున్నది కదా బాపు. క్లాసుల ఎవలన్న నా పూర్తి పేరు పిలిస్తే నాకెట్లుంటదో ఎన్నడన్న అడిగినవా? పోశం అనే పేరున్న ఒక్క సర్టిఫికెట్ అన్న మనింట్ల ఉండాలె అనుకున్న. గంతే."

పోశానికి బాయిలో గాలి ఆగినప్పుడు ఉన్నట్టుంది గుండెలో. ఇంత చిన్న పిల్ల ఈ బరువు ఎన్నాళ్లనుంచి మోస్తోందో ఆయన ఏ సగటులో లెక్కగట్టాలి? పక్క కుర్చీ లాగి కూర్చో అన్నాడు.

ప్రతి పాఠం పక్కనా మళ్లీ మొదలుపెట్టు అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే పాత మార్కు పోతుంది, కొత్త అంకెలు వస్తాయి. పోశం నొక్కాడు. పాత మార్కు చెరిగిపోతుంది, ఖాయమేనా అని మిషను అడిగింది. ఖాయమే అన్నాడు. మొదటి పాఠం పక్కన సున్నా పడింది. విద్య చెయ్యి పట్టుకుంది, నీ తొమ్మిది పాఠాల మార్కులు కూడా నేను చేసినవాటి కిందే పోయాయి, చెరిపితే అన్నీ మొదటికొస్తాయి, సాయంత్రం గది మూసేలోగా పది ఎట్లా చేస్తావు అని బతిమిలాడింది. పోశం ఆ చెయ్యి మెల్లగా తీసి పక్కన పెట్టి, వరసగా నొక్కుకుంటూ పోయాడు. పది సున్నాలు. ఒక్కటి కూడా సదానందానిది కాదు.

సాయంత్రం దాకా కొట్టాడు. అర్థం కానిచోట విద్య నోటితో చెప్పింది, మీట మీద వేలు మాత్రం పెట్టలేదు. మొదటి పాఠానికి మళ్లీ ఆ వయసుల లెక్కే వచ్చింది. ఈసారి అమ్మలు చెప్పిన వయసులే పెట్టాడు. పచ్చ టిక్కు పడింది. విద్య ఫక్కున నవ్వింది, ఏడుపు ముఖంతోనే. దత్తు సర్ గుమ్మంలోకి వచ్చి తెర చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని పోయాడు. బంట్రోతు తాళంగుత్తి ఆడించుకుంటూ వచ్చేసరికి ఆరు పాఠాలే అయ్యాయి. నూటికి ఇరవై తొమ్మిది.

మరుసటి ఆదివారం క్లాసులో దత్తు సర్ పరీక్షకు కూర్చునే అర్హత లేనివాళ్ల పేర్లు చదువుతానన్నాడు. కాగితం పైకి తీశాడు. అందులో ఉన్నది ఒక్క పేరే. దాన్ని చిన్నగా, గొంతులోనే చదివి కాగితం మడవబోయాడు.

"హాజర్ సర్," అన్నాడు పోశం లేచి నిలబడి. గోడలు అదిరేలా అన్నాడు.

క్లాసు వెనక్కి తిరిగి చూసింది. ఈసారి నవ్విన పిల్లలు కొద్దిమందే.

"కూసోండి కాకా," అన్నాడు దత్తు సర్ ఇబ్బందిగా. "హాజరు కాదిది, తప్పినోళ్ల లిస్టు."

"నాకెరుకే సర్. నా పేరు పిలిస్తిరి, పలికిన."

కూర్చోలేదు. వచ్చే ఏటికి మళ్లీ పేరు ఎప్పుడు రాయించుకోవాలో సర్ చెప్పేదాకా నిలబడే ఉన్నాడు.