సాలమ్మ పట్టిన డబ్బా

శామీర్‌పేట చెరువు కట్ట కింద చేపలమ్మే సాలమ్మ తూకంలో ఏనాడూ మోసం చేయలేదు. మెత్తబడ్డ చేపను తాజాదని అంటగట్టలేదు. అలాంటి మనిషి ఒక్కసారే అబద్ధమాడింది. అదీ నోటితో కాదు, చిన్న ప్లాస్టిక్ డబ్బాతో.

భర్త ఎంకయ్య రెండు నెలలుగా గుట్టుగా టీబీ మందులు మింగుతున్నా దగ్గు తగ్గలేదు. ఆశా కార్యకర్త పద్మలత ఒక డబ్బా తెచ్చిచ్చింది.

"సాలమ్మక్కా, రేపు పొద్దుగాల అన్న గట్టిగ దగ్గి తెమడ గిండ్ల పట్టాలె. మేడ్చల్‌ల మిషన్ల పెడితే రెండు గంటలల్ల ఎరుకైతది, గీ మందులకు పురుగు సస్తదా లేదా అని. సావకుంటే మందులు మార్వాలె."

ఆమె వాకిలి దాటగానే ఎంకయ్య తల అడ్డంగా ఊపాడు. "ఎల్లుండి చేపల సంగపోళ్లు చెరువుల వలలేసి చేపలు పడ్తాండ్రు. మొండి టీబీ అని తెలిస్తే నన్ను వల ముట్టనిస్తరా? నీ చేపలు ఎవడన్న కొంటడా?"

తెల్లవారి సాలమ్మ తానే దగ్గి, తన తెమడనే డబ్బాలో పట్టి, భర్త పేరుతో పంపింది. పరువా ప్రాణమా అంటే ప్రాణమే అంటాం అందరం. డబ్బా చేతికొచ్చినప్పుడు కదా మన సంగతి తేలేది!

యంత్రం తనకిచ్చినదాన్ని చూసి, పురుగు లేదంది. పాత మందులే సాగాయి. ఎంకయ్య అందరితో కలిసి వల లాగాడు, వారం రోజులు సంబరపడ్డాడు. మూడు నెలలకు ఎముకల గూడై, ఒక మధ్యాహ్నం సాలమ్మ ఒడిలో కన్నుమూశాడు.

ఆ కన్నీళ్లు ఆరకముందే కూతురు రోజారాణికి దగ్గు పట్టుకుంది. నాయినకు గంజి తాగించి, ఆయన పక్కనే పడుకున్న పిల్ల. ఈసారి సాలమ్మ తానే మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోయింది. మధ్యాహ్నానికే ఫలితం వచ్చింది. టీబీ, అదీ ముఖ్యమైన మందుకే లొంగని మొండి రకం.

డాక్టర్ ఫణిభూషణ్ కాగితాలు తిరగేశాడు. "ఈ రకం ఎక్కడ అంటుకుందమ్మా? మీ ఆయన పరీక్షలో ఏమీ లేదే!"

"గా తెమడ ఆయనది గాదు సారూ, నాది." అంది సాలమ్మ. "నేనే సంపుకున్న."

డాక్టర్ కోప్పడలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. "అప్పుడే తెలిసుంటే మందులు మార్చేవాళ్లం. బతికే అవకాశం ఉండేది. అమ్మాయికి ఇవాళే వేరే మందులు మొదలుపెడదాం. మీరూ తెమడ ఇవ్వండి. ఈసారి మీ పేరుతో."

రోజారాణి ఇంకా ఆ మందులు మింగుతూనే ఉంది. నయమవుతుందని ఎవరూ గట్టిగా మాటివ్వలేదు.

ఇప్పుడు పద్మలత వెంట సాలమ్మ కూడా ఇల్లిల్లూ తిరుగుతోంది. మొన్న ఒక ఇంట్లో దుర్గాబాయి తన భర్త కోసం డబ్బా అందుకుని తలుపు మూయబోతే, చెయ్యి అడ్డం పెట్టింది.

"తలుపెయ్యకు బిడ్డా. నీ మొగన్ని వాకిట్లకొచ్చి దగ్గమను. మిషన్ అబద్ధమాడది, మనమే ఆడ్తం. రోగాన్ని సంగపోళ్లకు ఎరుకగాకుంట దాయొచ్చు గని, పక్కల పండే బిడ్డకాడ దాయలేం."