పచ్చబొట్టు లేని మొహం

కొండబాబును చూస్తేనే నరసింగరావుకు ఒళ్లు మండేది. అయినా వాడు గుమ్మంలో నిలబడితే తలుపు తీయకుండా ఉండలేకపోయేవాడు. అందుకు తన మీద తనకే అసహ్యం.

కొండబాబుది విజయనగరంలో డిజిటల్ ఫొటో షాపు. ఊళ్లు తిరిగి, గోడల మీది పాత స్టూడియో ఫొటోలు పుచ్చుకుని, వాటిని కంప్యూటర్లో తోమి, తళతళలాడే రంగుల కాపీకి ఫ్రేము కట్టి ఇస్తాడు. అసలువి తెచ్చి నరసింగరావుకు అమ్ముతాడు. సెల్‌ఫోన్లు వచ్చాక జనానికి అచ్చు ఫొటో అంటే బూజుతో సమానం. ఫొటోలు సేకరించే తోటివాళ్లయినా నయమా అంటే, కాగితం ముట్టుకోకుండా స్కానులు వాట్సాప్‌లో పంచుకుని మురిసిపోయే బాపతు.

ఈసారి వాడు తెచ్చిన ఫొటోలో ఒకావిడ స్టూడియో బల్ల పక్కన నిలబడి ఉంది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి అంచుల్లో పాత అచ్చుకాగితంలోని వెండి పైకి తేలి అద్దంలా మెరిసింది. ఇంత మంచి అచ్చు, రిటైరైన లెక్చరరు నరసింగరావు చేతికి ఎప్పుడూ రాలేదు. నుదుటి మీద మాత్రం ఎర్రటి మరక. కుంకం. ‘పాడుచేశారు మూర్ఖులు’ అనుకున్నాడు.

మర్నాడు ఆ మరక తుడవడానికి దూది తీశాడో లేదో, భోగాపురం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే గున్నమ్మ, కొండబాబు చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. చంకలో వాడిచ్చిన కొత్త ఫ్రేము.

“మా యమ్మ గెడ్డం మీద పచ్చబొట్టు ఏటి సేసినావురా?”

“మచ్చనుకుని కంప్యూటరే తీసీసింది అప్పా. ఎంత తెల్లగొచ్చిందో సూడు! హీరోయిన్నాగుంది.”

“నీ హీరోయిన్ని నీ షాపుల ఏలాడదీసుకో. ఈవిడెవులో నానెరగను. మనిషి పోయినా పచ్చబొట్టు కూడా వస్తాదంతారు. అది నేకపోతే మా యమ్మని పైన ఎవులు పోల్సుకుంతారు?” ఆమె నరసింగరావు వైపు తిరిగింది. “బాబూ, మా యమ్మ మీకాడున్నాదట.”

నరసింగరావు కొత్త ఫ్రేములోకి చూశాడు. ముడత లేదు, చెమట లేదు. అరటిపండు ఒలిచి కళ్లు అతికించినట్టుంది.

కొండబాబు చెవిలో గొణిగాడు. “మేస్టారూ, సుక్క ఒకటెట్టి మళ్లీ కొట్టిచ్చీస్తాను. అసలుది మీరుంచీసుకోండి. ఆవిడికేటి తెలుస్తాది?”

ఒక్క క్షణం ఆ మాట తియ్యగానే వినిపించింది. అంతలో చేతిలోని దూది కంటపడింది. వీడి కంప్యూటరు పచ్చబొట్టు తుడిచింది. తను బొట్టు తుడవబోయాడు.

ఫొటో తెచ్చి గున్నమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె రొంటిన దోపుకున్న పొట్లం విప్పి, బొటనవేలితో కుంకం తీసి, సరిగ్గా ఆ మరక మీదే అద్దింది. నరసింగరావు ‘అయ్యో’ అనబోయాడు. మింగేశాడు. ఫొటోను కొంగులో చుట్టుకుంటూ ఆమె, “సల్లగుండు బాబూ” అని మెట్లు దిగింది.

“స్కానైనా తీసుకోనిచ్చేరు కాదు,” అన్నాడు కొండబాబు.

“ఫోరా అవతలికి.”

సాయంత్రం వాన పట్టింది. రెక్క విరిగిన కిటికీలోంచి జల్లు పుస్తకాల మీదికి కొడుతోంది. గున్నమ్మ వదిలేసిన ఆ ఎవరిదీ కాని మొహాన్ని నరసింగరావు కిటికీకి అడ్డం పెట్టాడు. చుక్క లోపలికి రాలేదు. పోనీలే, అంతమాత్రానికైనా పనికొచ్చింది.