ఫెటిషిజం అనగా

జ్ఞానప్రకాశం మాస్టారు చేసింది చిన్న పనేం కాదు. కన్నతల్లి సూరమ్మ నలభై ఆరేళ్ళుగా గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకున్న రాయిని తీసుకెళ్ళి వంతెన మీంచి కాలవలో గిరాటేశాడు. ఆవిడ "ఒరే, ఒరే" అంటూ వెనకాలే వస్తున్నా ఆగలేదు.

ఎందుకయ్యా అంటే, ఇంట్లో ప్రార్థన కూడిక జరిగిన రోజున ముసలమ్మ పెట్టెలోంచి బైబిలు తీస్తుంటే ఆ రాయి దొర్లిపడింది. దాని మీద పసుపు మరక కూడా ఉంది. పాస్టరుగారి భార్య మెర్సీగారు కళ్ళు దించుకున్నారు. వచ్చే ఆదివారం సంఘపెద్దల ఎన్నిక, అందులో మాస్టారి పేరుంది. ఇంకేముంది, పరువు పోయిందనుకున్నాడు మహానుభావుడు.

ఎన్నికలో సంఘపెద్ద అయితే అయ్యాడు గానీ, ఆ రోజు నుంచీ సూరమ్మ కొడుకుతో మాట మానేసింది. కోడలు బేబి పెడితే తింటుంది, మనవరాలితో నవ్వుతుంది. ఇతను గదిలోకి వస్తే మాత్రం గోడవైపు తిరిగిపోతుంది. నెల దాటినా అంతే. పైకి గంభీరంగా తిరుగుతున్నాడు గానీ, లోపల ముద్ద దిగడం లేదు.

ఆ వేసవి సెలవుల్లో రాజమండ్రి ప్రచురణకర్త ఒకాయన కోసం ఇంగ్లీషు పదకోశం ఒకటి తెలుగు చేస్తున్నాడు. 'ఫెటిషిజం' దగ్గరికి వచ్చేసరికి ధీమాగా రాసేశాడు: "అనాగరికులు రాళ్ళకీ రప్పలకీ మహిమ అంటగట్టి కొలిచే మూఢాచారం."

రాసినవాడు ఊరుకోవచ్చుగా? పుట్టుపూర్వోత్తరాలు చూడందే ఏ మాటనీ వదలడు, అదో పాడు అలవాటు. లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి చదివాడు. అయిదొందల ఏళ్ళ కిందట ఆఫ్రికా తీరానికి వెళ్ళిన పోర్చుగీసు నావికులు అక్కడివాళ్ళ మెళ్ళో తాయెత్తులు చూసి, తమ ఊళ్ళో మంత్రగాళ్ళ సరుకుకి వాడే మాటనే వాటికి తగిలించారట. మూలంలో ఆ మాటకి 'చేసిపెట్టినది' అని అర్థం. తరవాత ఒక ఫ్రెంచి పండితుడు మతాలకి అదే మొదటి మెట్టన్నాడు. ఆ తరవాత అంగడి సరుకుని దేవుణ్ణి చేసుకునేవాళ్ళకీ, ఏదో ఒక వస్తువు మీదే కోరిక చిక్కుకుపోయినవాళ్ళకీ కూడా అదే పేరు పెట్టారు. ఎవరు వాడినా వేలు మాత్రం ఎదుటివాడి వైపే. ఇంతకీ ఆ నావికుల మెళ్ళో ఏమున్నాయట? సిలువలూ, పునీతుల బిళ్ళలూ!

జ్ఞానప్రకాశం పుస్తకం మూసేశాడు. కిందటేడు కూతురికి టైఫాయిడ్ వస్తే, చనిపోయిన తన తండ్రి బైబిలు తలగడ కింద పెట్టింది తనే కదా.

లేచి తల్లి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, అది ఏ అమ్మవారి రాయే?"

సూరమ్మ ఇటు తిరిగింది. "అమ్మోరేంట్రా? నువ్వు అడ్డం తిరిగితే రెండ్రోజులు నొప్పులు పడ్డాను. మంత్రసాని గట్టిగా పట్టుకోమని నా చేతిలో పెట్టింది. అది పట్టుకునే నిన్ను కన్నాను. పసుపంటావా, ఆవిడ చేతిది. ఇయ్యాల అడిగావు పెకాశం. పారేసేముందు అడగలేకపోయావా?"

సిగ్గుతో చచ్చిపోయాడు. అదృష్టం కొద్దీ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకి నీళ్ళు కట్టేసి వారమైంది, కాలవ ఎండిపోయింది. పంచె ఎగ్గట్టి వంతెన కింద బురదలోకి దిగాడు.

గట్టు మీద వెళ్తున్న రైతు సత్తిరాజు సైకిలు ఆపాడు. "ఏం పోయిందండీ మాస్టారూ, ఉంగరమాండీ?"

"రాయండీ."

"రాళ్ళలో రాయి ఎతుకుతున్నారా! బాగుందండోయ్!"

సాయంత్రానికి ఒకటి దొరికింది. నల్లగా, పిడికిట్లో పట్టేంత. ఇదేనని తనకి తనే నచ్చజెప్పుకుని, కడిగి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని గుప్పిట బిగించింది.

"ఇది కాదురా."

ఆ రాయిని అతని ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "బురదలో పడి ఎతికి తెచ్చావు గదా. నువ్వుంచుకో."

బల్ల దగ్గర కూర్చుని 'అనాగరికులు' అన్న మాట కొట్టేశాడు. ఆ చోట ఏం రాయాలో తోచలేదు. కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు, ఎడమ పిడికిలి విప్పకుండా.