కొత్తకు ముందు తిన్న గింజలు

అయినా కోడికి ఆ కట్టు ఎవరు పెట్టారు గనక, అనుకుంటూ నిలబడింది హేమలత. చిక్కుడు పందిరి కింద రాలిన కాయను అది కాలితో అదిమిపట్టి, ముక్కుతో చీల్చి, లోపలి గింజను మింగేసింది. మింగి, తల ఒకవైపు వాల్చి ఆమెను చూసింది. ఆ కంట్లో తప్పు చేసిన జాడ ఏదీ లేదు. పది రోజులుగా తింటూనే ఉంది. దానికేమీ కాలేదు. దాని పిల్లలకేమీ కాలేదు.

మనుషులకు మాత్రం కట్టు ఉంది. ఆ కొండ ఊళ్లలో ఏ పంట చేతికొచ్చినా ముందు దానికి ‘కొత్త’ పండగ చేయాలి. తిథులు చూసే దిశారి రోజు చెబుతాడు. ఆ రోజున కొత్త గింజ వండి, దేవతలకూ చనిపోయిన పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే ఇంటివాళ్లు నోట పెట్టుకోవాలి. మామిడికి ఒక కొత్త, సామకు ఒక కొత్త, చిక్కుడుకు ఒక కొత్త. చిక్కుడు కొత్త ఈరోజే.

మంచు లోయలోంచి పాకి వచ్చి పెరడు మీద కూర్చుంది. కంచె అవతల వలిసె చేలో మిగిలిన చివరి పూలు, నీళ్లలో పసుపు కలిపినట్టు, కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. బొర్రా దాటి వచ్చే రైలు ఎక్కడో కూత పెట్టింది. అద్దాల పెట్టెలో కూర్చున్నవాళ్లకు ఈ పెరడు ఒక్క క్షణం కనిపిస్తుందేమో. మంచులో ఒక ఆడమనిషి, చేతిలో నీళ్ల చెంబు, పక్కన కోడి. ఎవరి ఫోన్లోనో తను అలా నిలబడే ఉండి ఉంటుంది, ఎప్పటికీ ఆ చెంబు వంచకుండా.

“ఏటే, కోడి కాడ పాఠం సెప్పించుకుంతన్నావేటి? నీల్లోసి బేగి రా!” వంటింటి గుమ్మంలోంచి అమ్మ దేముడమ్మ కేకేసింది.

“పెద్ద మేడమ్ మళ్లీ చిక్కుళ్లు తినేస్తోందమ్మా.”

“తిన్నీ. దానికి ఉద్యోగం పోద్దేటి?”

పెద్ద మేడమ్ ఆ కోడి పేరు. హేమలత పనిచేసే కాలేజీ ప్రిన్సిపాల్‌ను దేముడమ్మ ఎన్నడూ చూడలేదు. కూతురు చెప్పే కబుర్లు విని, మెడ నిక్కించి నడిచే ఈ కోడికి ఆ బిరుదు ఇచ్చేసింది. కాఫీ తోటలో దొరికిన కుక్కపిల్లకు కాఫీ అని పెట్టింది కూడా ఆమే. పేరు పెట్టడం అయిపోతే ఆ జీవి ఇంటిదైపోయినట్టే.

తండ్రి గాసి పోయాక నాలుగేళ్లుగా ఆ ఇంట్లో వీళ్లిద్దరే. పొద్దున్నే తల్లి పొయ్యి రాజేస్తుంది, కూతురు కోళ్లగూడు తెరుస్తుంది. తల్లి చోడి అంబలి కలుపుతుంది, కూతురు మొక్కలకు నీళ్లు పోస్తుంది. కాఫీ సగం పొద్దు పొయ్యి దగ్గర, సగం పొద్దు పాదు దగ్గర పడుకుని ఇద్దరికీ సమానంగా కాపలా కాస్తుంది. మనసులో మాట అంటూ ఆ ఇంట్లో ఎవరూ ఏదీ చెప్పుకోరు. కూర దించే ముందు దేముడమ్మ గరిటెతో ఒక చుక్క కూతురి ఎడమ అరచేతిలో వేస్తుంది.

“ఏటి తక్కువ?” అంటుంది.

హేమలత నాకి, ఏదో ఒకటి తక్కువైందని చెప్పాలి. అన్నీ సరిపోయాయంటే దేముడమ్మ ముఖం చిన్నబోతుంది, గుమ్మంలోంచే పంపేసినట్టు. అందుకని ఉప్పనో కారమనో చింతపండనో చెబుతుంది. తల్లి ఏమీ వేయకుండానే, వేసినట్టు గరిటె తిప్పి, “ఇప్పుడు సూడు” అంటుంది. ఆ ప్రశ్న కూర గురించి కాదని హేమలతకు ముప్ఫై దాటాక గాని తెలియలేదు.

ఒక్క చిక్కుడు కూర మాత్రం ఆ అరచేతిలో పడదు. పండగనాడు పడదు, ఎందుకంటే ఆ రోజు పెద్దలకు పెట్టకుండా వండినవాళ్లు కూడా రుచి చూడకూడదు. మిగతా రోజుల్లో పడదు, ఎందుకంటే హేమలత వద్దంది. “నాకు పడట్లేదమ్మా, కడుపులో నొప్పి” అంది నాలుగేళ్ల కిందట. దేముడమ్మ ఎందుకని అడగలేదు. అప్పట్నుంచి చిక్కుడు వండిన ప్రతిరోజూ కూతురికని వేరే చిన్న గిన్నెలో గుమ్మడికాయ ఉడకేస్తుంది.

పడకపోవడం కాదు. ఆ యేడు కొత్తకు ఇంకా వారం ఉందనగా, పొయ్యి దగ్గర కూర్చుని పరీక్షకు చదువుకుంటుండగా, చెయ్యి తన పాటికి తాను పోయి బుట్టలో కొత్త పంటలోంచి విత్తనానికి ఉంచిన కాయలు తీసి నిప్పుల్లో వేసింది. కాల్చింది, ఒలిచింది, తింది. పేజీ తిప్పింది. సగం అయ్యాక గాని తను ఏం తింటోందో తెలియలేదు. తెలిశాక మిగతా సగం కూడా తినేసింది. తొమ్మిదో రోజున గాసి సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన తీగ నుంచి మిరియాలు కోస్తూ, వెదురు నిచ్చెన విరిగి పడి చనిపోయాడు.

హేమలత క్లాసులో చెప్పేది సైకాలజీ. ఒకదాని వెనక ఒకటి జరిగిన రెండింటిని మనసు ఎలా ముడేస్తుందో ప్రతి యేడూ చెబుతుంది. బోర్డు మీద రెండు సున్నాలు గీసి, మధ్యలో బాణం వేసి, ఆ బాణం లోకంలో లేదు, మన తలలో ఉంది అంటుంది. పోయినసారి గాయత్రి అనే విద్యార్థిని లేచి, “తలలో ఉందని తెలిశాక పోతాదా మేడమ్?” అని అడిగింది. “తెలియడం మొదటి మెట్టు” అంది హేమలత. అని, చేతికంటిన సుద్దపొడిని చాలాసేపు దులుపుకుంది. ఆ మెట్టు మీదే తను నాలుగేళ్లుగా నిలబడి ఉంది. రెండో మెట్టు ఎక్కడుందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

కలలో మాత్రం నిచ్చెనకు మెట్లు లెక్కలేనన్ని. పైన అంతా మంచు. మంచులోంచి అయ్య పాదాలు రెండే కనిపిస్తాయి, పగిలిన మడమలతో. పైనుంచి ఏవో రాలుతుంటాయి. మిరియాలనుకుని చీర చెంగు పడుతుంది. అందులో పడేవి వెచ్చటి చిక్కుడు గింజలు. చెంగు బరువెక్కుతూ ఉంటుంది. వదిలెయ్యడానికి చేతులు రావు.

“ఏటే, కల్లు తెరిసి నిద్దరోతన్నావా?” దేముడమ్మ మళ్లీ పిలిచింది. “కాయలు తెచ్చి ఇలగ కూకో. నాకు పురుగు కానరాదు.”

ఆమె కళ్లలో రెండేళ్లుగా పొర కమ్ముతోంది. నిన్న సాయంత్రం పాదు దగ్గర కూర్చుని ఉండగా, ఏదో చెంబు అటు పెట్టమన్నంత మామూలుగా, “రేపు కొత్త నువ్వే పెట్టాల” అంది. ఆ ఇంట్లో ఏ చెయ్యి వండి పెద్దలకు పెడుతుందో ఆ చెయ్యే ముందు తినాలి. ఆ మనిషి తినకపోతే మిగతావాళ్లు ఆకు ముట్టరు. దేముడమ్మ అత్తగారి నుంచి వచ్చిన పద్ధతి అది. అంటే ఈరోజు తను ఒక్క గింజ నమలకపోతే, కళ్లు కనపడకపోయినా ఆరు నెలలు పాదును తడిమి తడిమి పెంచిన ఈ ముసలామె, తన చేతి పంట తను తినదు. రేపు తింటాలే అని కూడా అనదు. అలా ఆకు ముందు కూర్చునే ఉంటుంది.

చేటలో కాయలు పోసి ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చున్నారు. కాఫీ మధ్యలో దూరి మూతి చేట అంచున ఆనించింది. దేముడమ్మ వేళ్లు చూడకుండానే ఒలుస్తున్నాయి. ఒలిచిన గింజ హేమలత చేతికి వస్తే, పుచ్చుంటే పక్కకు పోతుంది, లేకపోతే గిన్నెలో పడుతుంది. కాయలు చిట్లే టపటప సాగుతోంది. మంచు గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తోంది. ఈ చప్పుడు ఆగిపోతే ఇక చెప్పలేనని హేమలతకు అనిపించింది.

“అమ్మా.”

“ఊ.”

“అయ్య పోయిన యేడు… కొత్తకి ముందే నేను చిక్కుళ్లు తిన్నాను.”

దేముడమ్మ వేళ్లు ఆగలేదు. కాయ చిట్లింది. మూడు గింజలు కూతురి చేతిలో పడ్డాయి.

“ఎన్ని?”

“పిడికెడు ఉంటాయి.”

“ఉడకెట్టినావా?”

“పొయ్యిలో కాల్చుకున్నాను.”

“ఉప్పు?”

“వేసుకోలేదు.”

“ఓలమ్మ!” దేముడమ్మ ఇప్పుడు తలెత్తింది. “ఉప్పు నేకండా ఎలగ తిన్నావే? సదువుకున్నోల్లకి నాలిక పన్జెయ్యదా?”

ఈ మాట చెబితే అమ్మ ఏమంటుందో హేమలత నాలుగేళ్లుగా మనసులో ఆడించుకుంటూనే ఉంది. ఏడ్చే అమ్మ వచ్చింది. గుండె బాదుకునే అమ్మ వచ్చింది. మాట్లాడకుండా లేచి వెళ్లిపోయే అమ్మ అందరికంటే ఎక్కువసార్లు వచ్చింది. ఉప్పు గురించి అడిగే అమ్మ ఒక్కసారీ రాలేదు.

“తొక్కలు సూసినాను,” అంది దేముడమ్మ, మళ్లీ కాయ అందుకుంటూ. “బూడిదెత్తుతుంటే కానొచ్చినాయి. మీయయ్యనడిగినాను. నానే తిన్నాను, ఏటి సేత్తావు అన్నాడు. ముందు పల్లు నాలుగూ నేనోడు, దవడ పల్లు ఊగుతున్నోడు, కాల్సిన చిక్కుడు గింజ నమిలినాడంట! పక్కనే నీ పుస్తకం. కాయితాల నిండా బూడిదేలిముద్దర్లు.”

“తెలుసా నీకు? మరి నన్ను అడగలేదేం?”

“అడిగితే పాఠం సెప్తావని.”

కాఫీ ఒక తొక్క నోట కరుచుకుని అవతలికి పోయింది. దేముడమ్మ దాన్ని అదిలించి, తగ్గిన గొంతుతో అంది. “మర్నాడే కోడిపిల్లనట్టుకెల్లి దిశారికిచ్చి తప్పు తీయించీసినాను. పసుపునీల్లు తెచ్చి ఇల్లంతా జల్లినాను. నీ మీదా జల్లినాను. నిద్దట్లో, వానొచ్చేసిందమ్మా అని దుప్పటి ముసుగెట్టుకున్నావు. తప్పు ఆ యేలే తీరిపోయింది.”

వాన. హేమలతకు ఆ వాన గుర్తుంది. ఎండకాసే పొద్దున తడిసిన దుప్పటి, దాని మీద చిన్న చిన్న పసుపు మచ్చలు. వలిసె పూలు కలలోంచి రాలి అంటుకున్నాయని, సగం మెలకువలో నమ్మింది. తర్వాత ఉతికేసింది.

“మరి అయ్య…”

“మీయయ్య నిచ్చెన ఇరిగి పడ్డాడు. పుచ్చిపోనాది, ఎక్కొద్దు అన్నాను. ఇన్నాడా? దానికి చిక్కుడు గింజేటి సేత్తాదే?” అంది. రెండు కాయలు ఒలిచింది. మూడోది ఒలవకుండా వేళ్ల మధ్య తిప్పుతూ, ఉప్పు గురించి అడిగిన గొంతుతోనే అంది, “ఆ నిచ్చెన ముందు రోజే పొయ్యిలో ఎట్టీసుంటే పోయీది. సేతికందేలాగే ఉండీది. రోజూ పొయ్యి రాజేత్తన్నపుడు అదే అనుకుంతాను.”

హేమలత చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. నాలుగేళ్లుగా తను పక్క గదిలోంచి వినే పొద్దుటి చప్పుడు, అగ్గిపుల్ల గీసి, ఆగి, మళ్లీ గీసే ఆ చప్పుడు, మంచుకు పుల్లలు నెమ్ము పట్టినందువల్ల అనుకుంది. ఒకే ఇంట్లో రెండు బాణాలు. తన బాణాన్ని కాపాడుకోవడంలో పడి, అమ్మ బాణం కనపడనే లేదు. తల్లి వేళ్లలోంచి ఆ కాయ తీసుకుని తనే ఒలిచింది.

పొద్దెక్కి మంచు విడుతుండగా వంట అయింది. సామ అన్నం, ఎండు చేపతో చిక్కుడు గింజల పులుసు. ఉప్పు అందాజుగా వేసింది హేమలత. పులుసు ఉడుకుతున్నప్పుడు అలవాటుగా దేముడమ్మ చెయ్యి గరిటె కోసం లేచి, గుర్తొచ్చి, మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది. గుమ్మడికాయ గిన్నె ఈరోజు పొయ్యి మీద లేదు. ఎందుకు పెట్టలేదని ఎవరూ అనుకోలేదు.

ఇంటి నడిమి స్తంభం దగ్గర అడ్డాకు విస్తరిలో హేమలత అమ్మవారికీ, అయ్యకూ, అంతకుముందు పోయినవాళ్లకూ పెట్టింది. దేముడమ్మ అందర్నీ పేర్లతో పిలిచింది. గాసి పేరు దగ్గర, “ఉప్పేసే ఎట్టినాది నీ కూతురు, తిను” అంది. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా ఆకుల ముందు కూర్చున్నారు. పెద్ద మేడమ్ గుమ్మం మీదికెక్కి మెడ నిక్కించి చూస్తోంది.

పులుసులోంచి ఆవిరి లేచి, బయట మంచు లాగే, తల్లి ముఖాన్ని ఒకసారి చెరిపేసి ఒకసారి తెచ్చిపెడుతోంది. హేమలత వేళ్లు ఆకు అంచు దాకా వెళ్లి ఆగాయి. తప్పు తీరిపోయిందని విన్నా ఆగాయి. బాణం లేదని తెలిసినా ఆగాయి. పైనెక్కడో రెండు పాదాలు నిలబడి ఉన్నాయి, దిగకుండా, ఎక్కకుండా. దేముడమ్మ చెయ్యి మోకాలి మీద ఉంది. ఆకు ముట్టదు. తొందరపెట్టదు. పొర కమ్మిన కళ్లు కూతురున్న వైపు, కొంచెం పక్కకు, చూస్తున్నాయి.

అప్పుడు ఆమె మెల్లగా అడిగింది. “ఏటి తక్కువ?”

హేమలత ఆకులోంచి ఒక గింజ తీసి, నోట్లో వేసుకుని, కొరికింది.