ఫ్లెక్సీ మీది లక్ష్మి

ఆత్మకూరు బస్టాండు పక్కన తన పూజసామాన్ల కొట్టు ముందు కూర్చుని మస్తానమ్మ కొబ్బరికాయల పీచు వలుస్తోంది. తలెత్తేసరికి ఎదురుగా కరెంటు స్తంభానికి శ్రీరామనవమి కమిటీ వాళ్లు ఫ్లెక్సీ కడుతున్నారు. అందులో మొగుడు నరసింహ మెడలో కండువాతో, చేతులు జోడించి నవ్వుతున్నాడు. పక్కన తనే. పెళ్లి ఫోటోలోంచి కోసి అతికించారు. కింద అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ‘కల్యాణం పీటల మీద కూర్చునే దంపతులు: శ్రీ నరసింహ, శ్రీమతి లక్ష్మి.’

ఎవరీ లక్ష్మి అనుకుంది ఒక్క క్షణం. ఆ తర్వాత ఒళ్లు మండింది.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన నరసింహ కంచంలోంచి తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

“పంతులు మైకులో గోత్రం, పేరు చదవతాడు గదా. అంత జనంలో నీ పేరు ఏం బాగుంటాది? కమిటీ సురేంద్రబాబన్న ముందే చెప్పినాడు, ఆ పేరు వద్దని. లక్ష్మి అంటే అమ్మవారి పేరేగదే.”

“నన్ను ఒక్క మాట అడిగినావా?”

“అడిగేదానికేముండాది? ఇంకొంచెం పులుసు పొయ్యి.”

అత్త సుబ్బరత్నమ్మ మంచం మీది నుంచే అందుకుంది. “పెళ్లయినాక ఇంటిపేరు మారలా? అప్పుడు నోరెత్తినావా? ఇదీ అంతే. ఆడదానికి పేరుతో ఏం పనే.”

మస్తానమ్మ పులుసు పోసింది. బేరం తెలిసిన మనిషి ఆమె. ఏది ఇస్తే ఏది నిలుస్తుందో చూసుకుంటూనే ఇన్నేళ్లూ ఇస్తూ వచ్చింది. పుట్టింటి పేరు ఇచ్చేసింది. కొట్టు నడిపేది తానైనా, నలుగురు మగవాళ్లు వచ్చి కూర్చుంటే కుర్చీ మొగుడికిచ్చి తాను గోనెపట్టా మీదికి జరిగింది. ఇంటి పోరు లేకుండా ఉంటే చాలనుకుని అదీ గిట్టుబాటే అనుకుంది. ఈ పేరు మాత్రం ఎవరూ అడగలేదు కాబట్టి మిగిలింది. అమ్మకు తనకంటే ముందు పుట్టిన బిడ్డలు నిలవలేదు. ఈసారి బతికితే నీ పేరే పెట్టుకుంటానని కసుమూరు దర్గాలో మస్తాన్ స్వామికి పొర్లి మొక్కుకుంటే పుట్టింది తను. ఆ మొక్కు మొక్కిన అమ్మే ఏటా పెంచలకోన పోయి నరసింహస్వామికి తలనీలాలిచ్చింది. ఈ ప్రాంతంలో వీధికొక మస్తానయ్య, ఇంటికొక మస్తానమ్మ. ఎవరి కులం, ఎవరి దేవుడు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇదే అత్త, మనవడు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని చంకనేసుకుని దర్గాకు పరిగెత్తి తాయెత్తు కట్టించుకు రాలేదా? ఆ మాటే అడిగితే, “అప్పటి కాలం వేరు” అంది సుబ్బరత్నమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

కాలం కాదు, వేరైంది వీళ్లు. కర్పూరం కొనేవాళ్లనీ, దర్గాకు పూల చాదర్ కొనేవాళ్లనీ మస్తానమ్మ ఏ దేవుడికని ఏనాడూ అడగలేదు. ప్రతి నవమికీ పానకం కలిపి, వడపప్పు నానేసి, ఈ పేరుతోనే రాముడికి దండం పెట్టుకుంది. రాముడికి అడ్డం రాని పేరు సురేంద్రబాబుకు అడ్డం వచ్చింది. రేపు వార్డు ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్న మొగుడికి అడ్డం వచ్చింది. దేవుడి పేరు చెప్పి వీళ్లు తుడిచేసింది అమ్మ మొక్కును.

పండగ ముందురోజు సాయంత్రం కమిటీ అధ్యక్షుడు సురేంద్రబాబు నరసింహను వెంటబెట్టుకుని కొట్టుకొచ్చాడు.

“అమ్మా లక్ష్మీ, రేపు పట్టుచీర కట్టుకోని పెందలాడే రావాల. పీటల మీద మొగుడి పక్కన నువ్వుంటేనే నిండుదనం.”

మస్తానమ్మ కుంకుమ పొట్లాలు కడుతూనే ఉంది.

“ఇంకో మాటమ్మా. పోయినేడు మాదిరే ఊరందరికీ పులిహోర నువ్వే కలపాల. మస్తానమ్మ పులిహోర అంటే ఎగబడతారు జనం. వంటోళ్లని పెడితే ఆ రుచి రాదు.”

ఆమె చేతులు ఆగాయి.

“పులిహోర ఎవరిదన్నావన్నా?”

సురేంద్రబాబు నాలుక కరుచుకున్నాడు. “అదేలేమ్మా, నోటికి అలవాటు.”

“పొయ్యికాడికి మస్తానమ్మ పనికొస్తాదా? ఆ పేరు మీద కలిపిన అన్నం నోట్లో పెట్టుకుంటే తప్పు లేదా?”

“మాటకు మాట పెంచబాకే,” అన్నాడు నరసింహ గొంతు తగ్గించి. “జనం చూస్తా ఉండారు. రేపు నువ్వు రాకుంటే నా పరువేం కావాల?”

చూడనీ అనుకుంది. ఇన్నేళ్లూ వీళ్ల పరువుకు తూకం తగ్గినప్పుడల్లా తనలోంచి ఇంత తీసి వేసింది. ఇక తీయడానికి చేయి ముందుకు రాలేదు. ఎదురుగా ఫ్లెక్సీ గాలికి పటపటమంటోంది. మస్తానమ్మ గోనెపట్టా మీంచి లేచి, గల్లా వెనకున్న కుర్చీ లాక్కుని మొగుడికి ఎదురుగా కూర్చుంది.

“లక్ష్మిని తెచ్చుకున్నది నువ్వు. పీటల మీదికైనా, పొయ్యికాడికైనా నువ్వే పిలుచుకో. మస్తానమ్మకు రేపు కొట్టు ఉండాది.”