సాంచాల మోతలో నర్సవ్వ

ఇది పొట్టి కథ. టీ చల్లారేలోపు అయిపోతుంది. అయితే సూరత్‌లో, నేతపనికొచ్చిన తెలుగువాళ్లుండే గోడాదరాలో, టీ సంగతి ముందు చెప్పాలి. సోమలింగం హోటల్లో టీ తాగినవాళ్లు మళ్లీ వచ్చేది తిట్టడానికే. అతను మాత్రం గల్లీలో అందరికీ ఆరోగ్య సూత్రాలు చెబుతుంటాడు, రెండు మెట్లెక్కితే రొప్పుతాడు. సరే, అతన్నలా ఉంచుదాం.

రాజమల్లు సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల మోతకు అతని చెవులు ఎప్పుడో పోయాయి. కార్ఖానాలో మాటలన్నీ పెదవులతోనూ చేతులతోనూ నడుస్తాయి కాబట్టి పనికి ఇబ్బంది లేదు. పైగా చనిపోయిన భార్య నర్సవ్వ సాంచాల నడుమ నిలబడి, ఏ పోగు తెగబోతోందో ముందే చెబుతుంది. ఆమె మాట అతనొక్కడికే వినిపిస్తుంది. దీన్నెవరూ వింతగా తీసుకోలేదు.

"నా గొడుగు యాడుందో మీ ఇంటామెను జర అడుగు," అని సోమలింగం పెదవులాడించేవాడు.

"నీ పెండ్లాం అమ్మిందట," అనేవాడు రాజమల్లు. నిజంగానే అమ్మింది.

ఉమాకాంత్ రైల్వేలో సిగ్నళ్లు చూస్తాడు. రాజమల్లుకు వరసకు అల్లుడు. పరీక్షించకుండా ఏదీ నమ్మనని, పరీక్షించకుండా ఏదీ తోసెయ్యనని చెప్పుకుంటాడు. వంకాయలనూ అలాగే ఒక్కొక్కటీ తిప్పిచూసి, చివరికి కొనకుండా వస్తాడు.

ఒక ఆదివారం రాజమల్లు అతని దగ్గరికొచ్చాడు.

"అల్లుడా, అది నిజంగ నర్సవ్వేనా? నా చెవులే నన్ను ఆడిస్తున్నయా? తెల్వక తిండి పోతలేదు."

ఉమాకాంత్ నవ్వలేదు, దండమూ పెట్టలేదు. "ఉన్నదనను మామా, లేదనను. చెడిపోయిన చెవులు సొంతంగ చప్పుళ్లు పుట్టిస్తయని డాక్టర్లంటరు. చెవి మిషన్ పెట్టి చూద్దాం. మాట ఆగితే అది చెవి చేసే పని. ఆగకుంటే అత్తనే."

పరీక్షలో తప్పేమీ లేదు. కార్ఖానాలో మిషన్ పెట్టుకోగానే రాజమల్లుకు సాంచాల మోత, బయట రిక్షాల హారన్లు, సోమలింగం రొప్పు అన్నీ వినిపించాయి. నర్సవ్వ వినిపించలేదు. మిషన్ తీసేశాడు. అప్పుడూ వినిపించలేదు.

"ఒక్క పరీక్షతోని తేలదు మామా."

"నాకు తేలింది," అన్నాడు రాజమల్లు.

ఆ తర్వాత పోగులు చెప్పకుండా తెగసాగాయి. రాజమల్లు వాటిని చూస్తూ నిలబడేవాడు, ముడి వేసేవాడు కాదు. కార్ఖానా సేఠ్ అతన్ని ఊడ్చే పనికి మార్చాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం ఉమాకాంత్ అన్నం వార్చుకుంటుంటే పక్కనే ఆడగొంతు వినిపించింది.

"అల్లుడా, మీ మామ ఎందుకు పలుకుతలేడు? పిలిచి పిలిచి గొంతు పడిపోయింది. జర చెప్పు."

ఉమాకాంత్ మరునాడే చెవులు చూపించుకున్నాడు. బాగున్నాయన్నారు. తనొక్కడు విన్నంత మాత్రాన రుజువు కాదు, ఇంకొకరు కూడా వినాలి, అంతదాకా ముసలాయనకు ఆశ పెట్టకూడదు అనుకున్నాడు. న్యాయమైన ఆలోచనే. నర్సవ్వ రోజూ అడిగేది. ఇంటికొచ్చిన వాళ్లెవరికీ ఆమె వినిపించలేదు. సోమలింగాన్ని కూడా పిలిచి కూర్చోబెడితే, అతను పూరీలన్నీ తిని, ఏమీ వినపడలేదని చెప్పి వెళ్లాడు.

దసరా ముందు రాజమల్లు నిద్రలోనే పోయాడు. దహనమయ్యాక ఉమాకాంత్ ఇంటికొచ్చి, స్నానం చేసి, తడి తలతోనే గాలిలోకి చెప్పాడు.

"అత్తా, మామ పోయిండు. నీ దగ్గరికే వచ్చి ఉంటడు."

"ఈడికైతే రాలే," అంది నర్సవ్వ.