బావగారు చావాలట

డబ్బింగు థియేటర్లో నలుగురు కలిసి ఒకే గాడిదకు ఏడుపు చెబుతున్నారు. ఆ ఓండ్రల మధ్య నిర్మాత ఫోను వచ్చింది. "క్లైమాక్సులో కుక్క చావాలి" అన్నాడాయన. దర్శకుడికి "కుక్క కావాలి" అని వినిపించింది. కావాలన్నారు కదా అని కుక్కను కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నేరుగా ఆయన ఇంటికి వెళ్లాడు.

ఆ కుక్కను యూనిట్లో అందరూ బావగారనే పిలుస్తారు. అందరికంటే ముందు తిని, అందరికంటే ఆలస్యంగా పనికి వస్తుంది మరి.

నిర్మాత ఆఫీసు ఇంట్లోనే, కింది గదిలో. బావగారు లోపలికి రాగానే సోఫాలో ఉన్న నిర్మాత అల్లుడు కాళ్లు రెండూ పైకి లాక్కున్నాడు.

"దీన్నెందుకు తెచ్చావయ్యా?" అన్నాడు నిర్మాత.

"కావాలన్నారుగా."

"కావాలనలేదు, చావాలన్నాను. క్లైమాక్సులో."

దర్శకుడి చెవులు ఎర్రబడ్డాయి. హీరో గుర్రం మీంచి పడితే గుర్రాన్ని తిట్టే సినిమాల్లో అసిస్టెంటుగా చేరి, ఆ గుర్రం వెనక శుభ్రం చేస్తూ పైకొచ్చిన మనిషి అతను. తర్వాత సొంతంగా మేక మీద తీశాడు, చిలక మీద తీశాడు, ఏనుగు మీద తీశాడు. ఏనుగు మీద అంటే ఎక్కి తీశాడని కాదు. అదీ ఒకసారి జరిగింది. ఒక పత్రిక 'పశుదర్శకుడు' అని రాస్తే భార్య ఆ ముక్క కత్తిరించి దాచింది, ఏ ఉద్దేశంతోనో ఇప్పటికీ చెప్పలేదు. టికెట్ల కిటికీ దగ్గర తల్లులు పిల్లల చెయ్యి పట్టుకుని "చివర్లో బతుకుతుందా?" అని అడుగుతారు. కిటికీ వెనక మనిషి సినిమా చూడకుండానే "ఆయన సినిమా అండీ" అంటాడు. ఆ ఒక్క మాట మీదే అతని జంతువులూ బతికాయి, అతనూ బతికాడు.

"జనం ఏడవాలి మామయ్యా. ఏడిస్తేనే పదిమందికి చెబుతారు," అన్నాడు అల్లుడు.

"ఏడిపించడానికి మీరున్నారుగా బాబూ, కుక్కెందుకు?" అన్నాడు దర్శకుడు.

నిర్మాత చెయ్యి విదిలించాడు. "నువ్వు తియ్యకపోతే నీ అసిస్టెంటు తీస్తాడు, రేపే. ఒక మత్తు సూది పొడిస్తే కదలకుండా పడుంటుంది."

"ఈ వయసులో మత్తిస్తే బావగారు మళ్లీ లేవరు."

"లేవకపోతే మరీ సహజంగా ఉంటుంది," అని అల్లుడు నవ్వాడు.

దర్శకుడు బల్ల గుద్దుతాడనుకున్నారు. గుద్దలేదు. టోపీ తీశాడు.

ఒకరికొకరు టోపీ పెట్టుకునే ఆ రంగంలో తన టోపీ తాను పెట్టుకునే మనిషి అతనొక్కడే. దానికో కారణం ఉంది. 'యాక్షన్' అనే మాట కుక్కలకు వారంలో వచ్చేస్తుంది, మనం అనకముందే నటించేస్తాయి. అందుకని అతని సెట్లో మాటల్లేవు, టోపీయే. తీస్తే పడిపోవాలి, పెడితే లేవాలి.

బావగారి ముందుకాళ్లు మడత పడ్డాయి. ఒళ్లు పక్కకు ఒరిగింది. నాలుక నేలకు జారింది. పొట్ట ఒకసారి పైకి లేచి, ఇక లేవలేదు.

"అబ్బ, ఇంత బాగా చేస్తోందేమయ్యా," అన్నాడు నిర్మాత. "సరే, ఇక లేపు."

దర్శకుడు టోపీని కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాడు. "మీ క్లైమాక్సే. పూర్తిగా చూడండి."

చూశారు. ఫ్యాను తిరుగుతోంది. అల్లుడి నవ్వు ఆగిపోయింది. నిర్మాత వంగి చూసి, "ఊపిరుందా?" అని గొంతు తగ్గించి అడిగాడు. దర్శకుడు టోపీ మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు నిర్మాత తల్లి బిస్కెట్ల పొట్లంతో మేడ దిగి వచ్చింది. "నా బావగారు వచ్చాడటగా, ఏడిరా?" అంటూనే నేల మీద చూసింది. పొట్లం జారింది.

"ఏమైంది దీనికి?"

"అబ్బాయిగారు చావాలన్నారమ్మా," అన్నాడు దర్శకుడు.

ఆవిడ కింద కూర్చుని కుక్క తల ఒళ్లోకి తీసుకుంది. బావగారు వృత్తి తెలిసిన నటుడు, రెప్ప కదపలేదు. ఆవిడ ఏడవలేదు. కొడుకు వైపు తిరిగింది. "నోరులేని దాన్ని పొట్టన పెట్టుకున్నావురా. నీ సినిమా చూడను, నీ మొహమూ చూడను."

ఆ గొంతుకి కోడలు వచ్చింది, వంటమనిషి వచ్చింది, గేటు వదిలేసి వాచ్‌మన్ వచ్చాడు. అందరూ కుక్కను చూసి, తర్వాత యజమానిని చూశారు.

"టోపీ పెట్టుకోవయ్యా బాబూ," అన్నాడు నిర్మాత, చెమట తుడుచుకుంటూ.

"చివర్లో బతుకుతుందా?"

"బతుకుతుంది."

"సూది?"

"ఆ మాటెత్తితే ఒట్టు."

దర్శకుడు అప్పడమైన టోపీని లాగి తలకు తగిలించాడు. బావగారు లేచి, ఒళ్లు దులుపుకుని, పెద్దావిడ ముఖం కూడా చూడకుండా బిస్కెట్ల మీద పడ్డాడు.

"మరి చావాలన్నావట?" అంది తల్లి.

నిర్మాత అందరి వైపూ తిరిగి వివరించాడు. "కుక్క కావాలన్నానమ్మా. ఈయనకి చావాలని వినపడింది. వయసైపోయింది, చెవులు పోయాయి పాపం."

ఇంటిల్లిపాదీ జాలిగా దర్శకుడి చెవుల వైపు చూశారు. దర్శకుడు పళ్లు కొరికాడు. కొరికిన పళ్ల మధ్యనుంచే చెప్పాడు.

"అవునమ్మా. అబ్బాయిగారు కావాలనే అన్నారు."